తాతయ్య తప్పెటగుళ్ళ పాటలున్న పాత ఐఫోన్ 6: లినక్స్ నుంచి జైల్‌బ్రేక్ చేస్తుంటే ఆగిపోయింది, సాయం చేయండి

ఆమదాలవలస కుర్రాడు · శుక్రవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా తాతయ్య తప్పెటగుళ్ళ బృందానికి గురువు. సంక్రాంతికి, గంగమ్మ పండుగకు ఆయన పాడుతుంటే మా చిన్నాన్న ఇచ్చిన ఐఫోన్ 6లో వాయిస్ మెమోగా రికార్డు చేసేవాణ్ణి. 2016 నుంచి 2019 దాకా మొత్తం 61 రికార్డులు ఉన్నాయి. తాతయ్య పోయి రెండేళ్ళు దాటింది. ఆ పాటలు ఇంకెక్కడా లేవు.

ఫోను 16 జీబీది, నిండిపోయింది. ఐఓఎస్ 12.5.7 దగ్గర ఆగింది. వాట్సాప్ పనిచేయడం మానేసింది కాబట్టి అందులోంచి పంపే దారి లేదు. మెయిల్ చేద్దామంటే ఒక్కో పాట నలభై నిమిషాలు, వెళ్ళడం లేదు. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ తప్ప ఇంకేమీ లేదు. జైల్‌బ్రేక్ (ఫోను మీద కంపెనీ వేసిన తాళం తీయడం) చేస్తే ఫైళ్ళు నేరుగా తీసుకోవచ్చని స్నేహితుడు చెబితే ఈ రాత్రి చెక్‌రెయిన్ అనే జైల్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్ దించి నడిపాను. సగంలో ఆగిపోయింది. తెర నల్లగా ఉంది, ఏ మీట నొక్కినా కదలిక లేదు. ఇప్పటికి గంటైంది. పాటలు పోయాయేమోనని చేతులు వణుకుతున్నాయి. ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి.

విజయనగరం పెంగ్విన్ · శుక్రవారం రాత్రి 9:24

తమ్ముడూ, ముందు స్థిమితపడు. ఆ దశలో ఆగితే ఫోను నిల్వలోకి ఏదీ రాసి ఉండదు. ఆ పని అంతా తాత్కాలిక జ్ఞాపకంలో జరుగుతుంది, కరెంటు తీస్తే చెరిగిపోతుంది. కేబుల్ పీకేసి హోమ్ మీట, పక్కనున్న పవర్ మీట రెండూ కలిపి ఆపిల్ బొమ్మ కనిపించేదాకా నొక్కి పట్టుకో. పది, పదిహేను సెకన్లు పట్టవచ్చు. ఫోను మామూలుగా లేస్తుంది.

లేచాక మళ్ళీ చెక్‌రెయిన్ జోలికి వెళ్ళకు. పాటలు బయటికి తీయడానికి జైల్‌బ్రేక్ అవసరమే లేదు. ఆ సంగతి తర్వాత రాస్తాను, ముందు ఫోను లేచిందో లేదో చెప్పు.

ఆమదాలవలస కుర్రాడు · శుక్రవారం రాత్రి 9:31

లేచింది అన్నయ్యా! వాయిస్ మెమో తెరిచి చూశాను, 61 అలాగే ఉన్నాయి. మీ మేలు మరచిపోలేను. అమ్మ కూడా పక్కనే కూర్చుని ఉంది, ఆమె కూడా నమస్కారం చెప్పమంది.

టెక్కలి ఫోను మరమ్మతు · శుక్రవారం రాత్రి 9:52

బాబూ, పదకొండేళ్ళుగా ఫోన్లు బాగుచేస్తున్నాను, రెండు మాటలు చెబుతాను. చార్జింగ్ రంధ్రంలోకి టార్చి వేసి చూడు. పాత ఐఫోన్ అయితే లోపల జేబు నూలు అట్టకట్టి ఉంటుంది. పైకి కేబుల్ దిగినట్టే ఉంటుంది, చార్జింగూ ఎక్కుతుంది, కానీ డేటా పిన్నులు సరిగ్గా ఆనవు. ఫోను ఆపేసి చెక్క పుల్లతో మెల్లగా గీకి తీయి. గుండుసూది, పిన్నీసు వాడవద్దు, బంగారు పూత లేచిపోతుంది. నా దగ్గరికి ‘కంప్యూటర్‌కు కలవడం లేదు’ అని వచ్చే ఐఫోన్లలో చాలావాటికి ఈ నూలే కారణం.

రెండోది బ్యాటరీ. ఫోను బల్లమీద వెల్లకిలా పెట్టి తెర అంచు లేచిందేమో చూడు. లేచి ఉంటే బ్యాటరీ ఉబ్బినట్టే, అది మార్చేదాకా గంటల తరబడి కేబుల్‌కు తగిలించి ఉంచకు.

ఇదే చర్చ చూసి సెకండ్‌హ్యాండ్ ఫోను తీసుకొచ్చి తాళం తీయాలనుకునేవారికి కూడా ఒక మాట. ముందు *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ ఉండే గుర్తింపు సంఖ్య) చూసుకోండి. కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు చేర్చి 14422కు సందేశం పంపితే ఆ ఫోను వివరం వస్తుంది. దొంగిలించిన ఫోనని తేలితే దాని మీద చేయి వేయకండి. జైల్‌బ్రేక్ వేరు, యజమాని తన ఆపిల్ ఖాతాతో వేసిన ఐక్లౌడ్ తాళం తప్పించడం వేరు. రెండోదాని కోసం నా దుకాణానికి వచ్చేవారిని తిప్పి పంపేస్తాను.

విజయనగరం పెంగ్విన్ · శుక్రవారం రాత్రి 10:20

తమ్ముడూ, ఇప్పుడు అసలు పని. ఆదేశాలు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

లినక్స్‌లో ఐఫోన్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్ లిబ్‌ఐమొబైల్‌డివైస్. కంపెనీ సాయం లేకుండా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని ఐఫోన్ భాషను విప్పి రాసుకున్నది. 2007లో మొదలైంది. దీని యుటిల్స్ ప్యాకేజీ మింట్ భాండారంలోనే ఉంది, ఆప్ట్ ఆదేశంతో పెట్టుకో. ఫోను తాళం తీసి కేబుల్ కలిపితే ‘ఈ కంప్యూటర్‌ను నమ్మాలా’ అని అడుగుతుంది, సరే నొక్కి పాస్‌కోడ్ ఇవ్వు. తర్వాత ‘ఐడివైస్‌పెయిర్ వాలిడేట్’ కొట్టు. విజయవంతం అని వస్తే ‘ఐడివైస్‌బ్యాకప్2 బ్యాకప్ --ఫుల్’ అని రాసి, పక్కన ఫోల్డర్ పేరు ఇవ్వు. ల్యాప్‌టాప్‌లో కనీసం 20 జీబీ ఖాళీ ఉంచుకో.

అయిపోయాక ఆ ఫోల్డర్ తెరిస్తే కంగారుపడతావు. పాటల పేర్లు ఎక్కడా ఉండవు. నలభై అక్షరాల గజిబిజి పేర్లతో వేల ఫైళ్ళు, రెండక్షరాల ఫోల్డర్లలో సర్ది ఉంటాయి. ఏది ఏ ఫైలో చెప్పే చిట్టా మానిఫెస్ట్ డాట్ డీబీ అనే ఫైలు. దాన్ని డేటాబేసు ఫైళ్ళు చూపే ఎస్‌క్యూలైట్ బ్రౌజర్‌లో తెరిచి, ‘ఫైల్స్’ పట్టికలో రిలేటివ్ పాత్ అన్న గడిలో ‘రికార్డింగ్స్’ అని వెతుకు. ప్రతి పాట అసలు పేరు, దాని ఎదురుగా గజిబిజి పేరు ఒకే వరుసలో దొరుకుతాయి. ఆ ఫైలును వేరేచోటికి నకలు చేసి, చివర ఎం4ఏ అని తగిలిస్తే వీఎల్‌సీలో మోగుతుంది.

గతంలో ఎప్పుడైనా బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉంటే మాత్రం ఈ చిట్టా తెరుచుకోదు. అలా ఉంటే చెప్పు.

బొబ్బిలి వాసి · శనివారం ఉదయం 6:45

పెంగ్విన్ గారు ముందుగా బ్యాకప్ తీయించడం చూసి నాకు జరిగింది రాయాలనిపించింది. ఇది ఆండ్రాయిడ్ సంగతి. రెండేళ్ళ క్రితం పాత ఫోనులో లీనియేజ్ ఓఎస్ అనే స్వేచ్ఛా ఆండ్రాయిడ్ వేద్దామని కూర్చున్నాను. ఉబుంటు లినక్స్‌లో, ఫోనుకు కంప్యూటర్ నుంచి ఆదేశాలిచ్చే ఏడీబీ, ఫాస్ట్‌బూట్ పెట్టుకున్నాను, అంతా చక్కగా సాగింది. బూట్‌లోడర్ (ఫోనును లేపే ప్రోగ్రాము) తాళం తీసే ఆదేశం కొట్టగానే ఫోను తెరమీద ఒక హెచ్చరిక వచ్చింది. చదవకుండా వాల్యూమ్ మీటతో ‘అవును’ దగ్గరికి వెళ్ళి పవర్ నొక్కాను. ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుందని ఆ హెచ్చరికలో రాసి ఉంది. అది భద్రత కోసం కావాలని పెట్టిన ఏర్పాటు. దొంగ ఎవరైనా తాళం తీసినా లోపలి సమాచారం వాడికి దక్కకూడదని.

మా పాప తొలి అడుగులు వేసిన వీడియో ఆ ఫోనులో మాత్రమే ఉంది. తెచ్చిపెట్టగలమని ఒక దుకాణం వాళ్ళు మూడు వేలు తీసుకున్నారు, ఏమీ రాలేదు. ఈ చర్చ చదివే ప్రతి ఒక్కరికీ దండం పెట్టి చెబుతున్నాను, ఆండ్రాయిడ్‌లో బూట్‌లోడర్ తాళం తీయడం అంటే ఇల్లు ఖాళీ చేయడమే. సామాను ముందే బయట పెట్టుకోండి.

ఆమదాలవలస కుర్రాడు · శనివారం మధ్యాహ్నం 1:15

బొబ్బిలి అన్నయ్యా, మీ మాట చదివి మనసు కలుక్కుమంది.

నా సంగతి: తెల్లవారుజామున లేచి మొదలుపెట్టాను. ‘నమ్మాలా’ అన్న ప్రశ్న ఎంతకీ రాలేదు. టెక్కలి అన్నయ్య చెప్పినట్టు చెక్కపుల్లతో గీకితే బూడిదరంగు నూలు ముద్ద, పెసరగింజంత, బయటికి వచ్చింది! కేబుల్ ఇంకో మిల్లీమీటరు లోపలికి దిగి టక్కుమంది. వెంటనే ప్రశ్న వచ్చింది. బ్యాటరీ ఉబ్బలేదు.

బ్యాకప్‌కు గంటా పది నిమిషాలు పట్టింది. చిట్టాలో వెతికితే 61 వరుసలు. ఫైళ్ళ అసలు పేర్లు తేదీ, సమయంతో ఉన్నాయి. 20180114 అని మొదలయ్యేది చూడగానే అది ఆ ఏటి భోగి రాత్రి పాట అని తెలిసిపోయింది. దాన్నే ముందు విన్నాను. మొదట గజ్జెల చప్పుడు, ఎవరో తప్పెట రేకు మీద వేలితో తట్టి చూసుకోవడం. తాతయ్య గొంతు సవరించుకుని ‘అబ్బాయీ, ఆ దీపం ఇటు జరుపు’ అన్నారు. ఆ మాట అన్నది నాతోనే. తర్వాత శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లోకి వచ్చే బండి కూత. అది అయ్యేదాకా ఆగి పాట ఎత్తుకున్నారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

పలాస టీచరమ్మ · శనివారం మధ్యాహ్నం 2:05

బాబూ, కళ్ళు చెమర్చాయి. ఛాతీకి తప్పెట కట్టుకుని పదిహేను, ఇరవై మంది గుండ్రంగా తిరుగుతూ, ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి నిలబడుతూ పాడే కళ అది. మా బడి పిల్లల్లో చాలామంది దాన్ని కళ్ళారా చూడలేదు. ఆ 61 పాటలను ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉంచకు. ఒక పెన్‌డ్రైవ్ మీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో పెట్టు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి మా ఇంటి పైకప్పు రేకులు లేచిపోయాయి. బీరువాలోని ఫొటోలు అన్నీ నీటిలో ముద్దయ్యాయి. మా పెళ్ళి ఫొటో ఒక్కటి మిగిలింది, అది కూడా మా చెల్లెలి దగ్గర నకలు ఉండబట్టి.

ఒక సందేహం. పాటలు దొరికాయి కదా, ఇంకా జైల్‌బ్రేక్ ఎందుకు?

ఆమదాలవలస కుర్రాడు · శనివారం మధ్యాహ్నం 2:40

టీచరమ్మా, పెన్‌డ్రైవ్‌లు ఇవాళే కొంటాను. జైల్‌బ్రేక్ ఎందుకంటే, తాతయ్య బృందంలో ఇంకా నలుగురు పెద్దలు ఉన్నారు. అందరూ డెబ్బై దాటినవారే. వారికి తెలిసినవన్నీ పాడించి పెట్టుకోవాలి. ఈ ఫోను మైకు చక్కగా పట్టుకుంటుంది, కానీ పాట పాటకు గంటసేపు బ్యాకప్ తీసి, చిట్టాలో వెతుక్కుంటూ కూర్చోలేను. పాట ముగియగానే వైఫై మీద ల్యాప్‌టాప్‌లోకి దానంతట అదే చేరిపోవాలి. అందుకు ఫోను లోపలికి దారి కావాలి.

విజయనగరం పెంగ్విన్ · శనివారం సాయంత్రం 5:30

మంచి కారణం. అయితే మళ్ళీ మొదలుపెడదాం. చేతిలో ఏం జరుగుతోందో తెలిస్తే భయం ఉండదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఫోను లేచేటప్పుడు అన్నిటికంటే ముందు నడిచేది బూట్‌రామ్. చిప్ తయారైనప్పుడే అందులో అచ్చైపోతుంది, తర్వాత ఏ అప్‌డేట్ వచ్చినా దాన్ని మార్చలేదు. 2019 సెప్టెంబరు 27న యాక్సియోమ్ఎక్స్ అనే పరిశోధకుడు ఆ బూట్‌రామ్‌లో, యూఎస్‌బీతో మాట్లాడే భాగంలో, ఒక లోపాన్ని బయటపెట్టాడు. వాడి వదిలేసిన జ్ఞాపకం చోటును కోడు మళ్ళీ తాకడం, అదీ ఆ లోపం. దానికి చెక్‌మేట్ అని పేరు పెట్టాడు. ఏ5 చిప్ నుంచి ఏ11 దాకా, అంటే ఐఫోన్ 4ఎస్ నుంచి ఐఫోన్ 10 వరకు ఉన్న లోపం ఇది. మీ 6లో ఉన్నది ఏ8. ఆ నవంబరులో చెక్‌రెయిన్ వచ్చింది, 2020 ఫిబ్రవరిలో లినక్స్‌కూ వచ్చింది. లినక్స్ వాళ్ళకు అది పండుగ రోజు. అంతవరకు మ్యాక్ ఉన్నవారికే ఆ అవకాశం.

లోపం యూఎస్‌బీ సమయాల మీద ఆధారపడింది కాబట్టి కేబుల్, పోర్టు సరిగ్గా కుదరాలి. నిన్న ఆగిపోయింది అక్కడే అని నా నమ్మకం. ఒక చివర వెడల్పాటి పాత యూఎస్‌బీ-ఏ ఉన్న కేబులే వాడు, టైప్-సి కేబుల్‌తో తరచూ కుదరదు. హబ్ వద్దు, నేరుగా ల్యాప్‌టాప్‌లో పెట్టు. కొన్ని ఏఎండీ కంప్యూటర్లలో పదే పదే విఫలమవుతుంది, అప్పుడు ఇంటెల్‌ది అడిగి తెచ్చుకోవడమే మార్గం. వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిపే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) అసలు ప్రయత్నించకు.

చెక్‌రెయిన్ పనిచేయాలంటే ఫోను డీఎఫ్‌యూ స్థితిలో, అంటే ఐఓఎస్ లేవకముందే కేబుల్ నుంచి ఆదేశాల కోసం ఆగి ఉండే స్థితిలో, ఉండాలి. అది చాలామందికి తికమక. తెరమీద కేబుల్ బొమ్మ కనిపిస్తే అది రికవరీ (ఐఓఎస్‌ను మళ్ళీ వేసుకునే స్థితి), డీఎఫ్‌యూ కాదు. డీఎఫ్‌యూలో తెర పూర్తిగా నల్లగా ఉంటుంది. చెక్‌రెయినే లెక్కపెడుతుంది: హోమ్, పవర్ కలిపి నొక్కు, చెప్పినప్పుడు పవర్ వదులు, హోమ్ మాత్రం పట్టుకునే ఉండు. నిజంగా వెళ్ళిందో లేదో ఇంకో టెర్మినల్‌లో, తగిలించిన యూఎస్‌బీ పరికరాల చిట్టా చూపే ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొట్టి చూడు. ఆపిల్ వరుసలో 1227 అని ఉంటే డీఎఫ్‌యూ, 1281 అని ఉంటే రికవరీ.

ఇంకొకటి. యూఎస్‌బీమక్స్‌డీ అనే సేవ వెనకాల ఫోనును పట్టుకుని ఉండి అడ్డుతగలవచ్చు. సిస్టమ్‌సీటీఎల్ ఆదేశంతో దాన్ని ఆపి, చెక్‌రెయిన్‌ను సుడోతో (నిర్వాహక హక్కులతో) నడుపు. పని ముగిశాక ఆ సేవను మళ్ళీ మొదలుపెట్టు, లేకపోతే ల్యాప్‌టాప్‌కు ఫోను కనిపించదు.

నాగావళి తీరం · శనివారం రాత్రి 8:00

పెద్దలకు నా అభ్యంతరం. తాళం ఉన్నది కాపాడటానికి. దాన్ని పీకేయడం అందరికీ నేర్పిస్తే రేపు ఎవరో ఈ ఫోనులోనే యూపీఐ పెట్టుకుని డబ్బు పోగొట్టుకుంటారు. అసలు ఇది చట్టబద్ధమేనా?

విజయనగరం పెంగ్విన్ · శనివారం రాత్రి 8:35

మీ అభ్యంతరంలో సగం పూర్తిగా న్యాయం. జైల్‌బ్రేక్ చేసిన ఫోనులో బ్యాంకు యాప్‌లు, యూపీఐ, ఆధార్ ఏవీ పెట్టకూడదు. అది పాటల పెట్టె, గడియారం, రేడియో అనుకోవాలి. రోజువారీ ఫోనును ఎప్పుడూ జైల్‌బ్రేక్ చేయవద్దని నా స్థిరమైన అభిప్రాయం.

చట్టం మాటకొస్తే, మన కాపీరైటు చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షన్ చేరింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాటును ఛేదిస్తే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. ఆ ఉద్దేశం అన్న మాటే దానికి కీలకం. తన ఫోనులో తన తాతగారి పాటలు దాచుకునే పిల్లవాడి ఉద్దేశం అది కాదు. దొంగ యాప్‌ల కోసం చేసేవారిని మాత్రం నేను సమర్థించను. అమెరికాలో ఫోన్ల జైల్‌బ్రేక్‌కు 2010 జులైలోనే మినహాయింపు ఇచ్చారు.

కంపెనీ చేతులు దులుపుకున్న ఫోనుకు తాళం ఎవరి దగ్గర ఉండాలి అన్నది నా ప్రశ్న. కొన్నవాడి దగ్గరే ఉండాలి.

గంటస్తంభం వీధి · శనివారం రాత్రి 9:10

నా దగ్గర ఐఫోన్ 4ఎస్ ఒకటి, అన్నయ్య వాడి పక్కన పడేసిన ఐఫోన్ 10 ఒకటి ఉన్నాయి. రెండూ ఇలాగే అవుతాయా?

విజయనగరం పెంగ్విన్ · శనివారం రాత్రి 9:28

రెండూ వేరు. 4ఎస్‌లో లోపం ఉన్నా చెక్‌రెయిన్ దాన్ని ముట్టుకోదు, 5ఎస్ నుంచే. ఏ5 చిప్ మీద చెక్‌మేట్ నడపాలంటే కంప్యూటర్ చాలదు, ఆర్డ్యుయినో, యూఎస్‌బీ హోస్ట్ షీల్డ్ లాంటి చిన్న సర్క్యూట్ బోర్డులు కావాలి. అయితే లెగసీ ఐఓఎస్ కిట్ అనే లినక్స్ సాధనంతో 4ఎస్‌ను పాత ఐఓఎస్ 6.1.3కు గానీ 8.4.1కు గానీ దించవచ్చు, అందులో జైల్‌బ్రేక్ కూడా ఉంది. ఆ పాత ఐఓఎస్ 6 మీద 4ఎస్ ఎంత చురుగ్గా కదులుతుందో చూస్తే మీకే ఆనందం వేస్తుంది.

10లో ఐఓఎస్ 15 లేదా 16 ఉంటే పాలెరెయిన్ అనే ఇంకో జైల్‌బ్రేక్ సాధనం వాడాలి, అదీ లినక్స్‌లో నడుస్తుంది. ఏ11 చిప్‌కు ఒక చిక్కు ఉంది. 15లో అయితే పాస్‌కోడ్ తీసేయాలి. 16లో అయితే ఫోనును పూర్తిగా చెరిపి, ఆ తర్వాత ఒక్కసారి కూడా పాస్‌కోడ్ పెట్టకుండా ఉండాలి. కాబట్టి మళ్ళీ అదే మాట, ముందు బ్యాకప్.

ఆమదాలవలస కుర్రాడు · ఆదివారం రాత్రి 7:50

అయింది! మొదటి రెండుసార్లు రికవరీలోకే వెళ్ళింది, 1281 చూసి ఆగాను. పవర్ మీట ఒక క్షణం ఆలస్యంగా వదులుతున్నానని అర్థమైంది. మూడోసారి తెర నల్లగానే ఉంది, ఎల్ఎస్‌యూఎస్‌బీలో 1227. నాలుగో ప్రయత్నంలో తెరమీద అక్షరాలు వరుసగా పరుగెత్తాయి, కాసేపటికి ఫోను లేచింది. చెక్‌రెయిన్ గుర్తు నొక్కి సిడియా (జైల్‌బ్రేక్ ఫోన్ల యాప్ దుకాణం) పెట్టాను, అందులోంచి ల్యాప్‌టాప్ నుంచి ఫోను లోపలికి వెళ్ళడానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, ఫైళ్ళు నకలు చేయడానికి ఆర్‌సింక్ వేశాను. ల్యాప్‌టాప్‌లోంచి ఫోను లోపలికి వెళ్ళి రికార్డింగ్స్ ఫోల్డర్ చూస్తే, నిన్న గజిబిజి పేర్లతో వెతుక్కున్న పాటలన్నీ తేదీలతో బారులు తీరి కనిపించాయి.

విజయనగరం పెంగ్విన్ · ఆదివారం రాత్రి 8:02

శభాష్! ఇప్పుడే, ఈ నిమిషమే పాస్‌వర్డ్ మార్చు. ప్రతి ఐఫోన్‌కూ లోపలి పాస్‌వర్డ్ ఆల్పైన్ అని లోకమంతటికీ తెలుసు. ‘పాస్‌డబ్ల్యూడీ’ ఆదేశంతో రూట్ అనే నిర్వాహక ఖాతాకు, మొబైల్ అనే వాడుకరి ఖాతాకు, రెండింటికీ మార్చాలి. ఒకే వైఫైలో ఉన్న ఎవరైనా లేకపోతే లోపలికి వచ్చేస్తారు.

ఫోను ఆగి మళ్ళీ మొదలైతే జైల్‌బ్రేక్ పోతుంది. పాటలకు ఏమీ కాదు, మామూలు వాయిస్ మెమో పనిచేస్తూనే ఉంటుంది, నకలు తీయడం మాత్రం ఆగుతుంది. ఇంటికి వచ్చి మళ్ళీ కేబుల్ కలిపి చెక్‌రెయిన్ నడిపితే చాలు. కాబట్టి రికార్డుకు వెళ్ళే రోజు చార్జింగ్ నిండుగా ఉంచుకో.

టెక్కలి ఫోను మరమ్మతు · ఆదివారం రాత్రి 8:15

బాబూ, ఆ ఫోను బ్యాటరీ ఎన్నాళ్ళదో తెలియదు. నువ్వు ఇటువైపు వచ్చినప్పుడు ఫోను తీసుకురా, కొత్తది వేసి ఇస్తాను. పని కూలి తీసుకోను. మా అమ్మానాన్నల ఊళ్ళోనూ తప్పెటగుళ్ళు ఉండేవి, ఒక పాట నాకు పంపితే చాలు.

ఆమదాలవలస కుర్రాడు · ఆదివారం రాత్రి 8:40

పాస్‌వర్డ్‌లు రెండూ మార్చాను. టెక్కలి అన్నయ్యా, బుధవారం వస్తాను, పాటలు అన్నీ పెన్‌డ్రైవ్‌లో తెస్తాను. వచ్చే ఆదివారం బృందంలో పెద్దాయన ఒకరు మా ఇంటికి వస్తానన్నారు. తాతయ్యకు కూడా రాని గంగమ్మ కథ ఒకటి ఆయనకు తెలుసట, రాత్రంతా పాడాలట. ఫోను చార్జింగ్‌లో పెట్టాను.